సోర్స్ రాశాం కదా, ఇంకేం కావాలి? ఒక థీసిస్‌లోని బొమ్మలు, టేబుళ్ల పర్మిషన్ల కేస్ స్టడీ

రాతప్రతి నా దగ్గరికి వచ్చేసరికి థీసిస్‌కి డాక్టరేట్ వచ్చేసింది. వృద్ధుల్లో మతిమరుపు, ముఖ్యంగా అల్జీమర్స్ మీద చేసిన పరిశోధన అది. పరీక్షకులు మెచ్చుకున్నారు. ఒక అకడమిక్ పబ్లిషర్ పుస్తకంగా వేస్తామన్నారు, అగ్రిమెంట్ మీద సంతకాలూ అయ్యాయి. ఇలాంటి అగ్రిమెంట్లలో దాదాపు తప్పకుండా ఒక క్లాజు ఉంటుంది: పుస్తకంలో వాడిన ఇతరుల సామగ్రికి రాతపూర్వకంగా అనుమతులు తెచ్చే బాధ్యత రచయితదే, రేపు ఎవరైనా అభ్యంతరం చెబితే నష్టం భరించాల్సిందీ రచయితే. సంతకం పెట్టేటప్పుడు దాన్ని చదివేవాళ్లు తక్కువ. ప్రొడక్షన్ వాళ్ల దగ్గర్నుంచి "పర్మిషన్ల ఫైల్ ఎప్పుడు పంపుతారు?" అని మెయిల్ వచ్చాకే అగ్రిమెంట్ బయటికి తీస్తారు.

ఈ పరిశోధకురాలు కూడా ఆ మెయిల్ వచ్చాకే నన్ను వెతుక్కుంటూ వచ్చారు. రాతప్రతులు ఎడిట్ చేయడం, వాటికి పర్మిషన్లు తెప్పించడం నా వృత్తి. మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె గొంతులో టెన్షన్‌తో పాటు కాస్త చిరాకు కూడా ఉంది. "ప్రతి బొమ్మ కిందా సోర్స్ రాశానండీ. రిఫరెన్సుల్లో కూడా పెట్టాను. ఇంకేం కావాలి వీళ్లకి?"

నిజంగానే రాశారు. చాలామంది కంటే శ్రద్ధగా రాశారు. కానీ సోర్స్ చెప్పడం, పర్మిషన్ తీసుకోవడం రెండు వేర్వేరు బాకీలు. మొదటిది పాఠకులకీ మూల రచయితకీ ఉన్న బాకీ. అది ఎగ్గొడితే ప్లేజరిజం అంటారు. రెండోది కాపీరైట్ ఎవరి చేతిలో ఉందో వాళ్లకి ఉన్న బాకీ. అది ఎగ్గొడితే కాపీరైట్ ఉల్లంఘన. ఒకటి తీరిస్తే రెండోది తీరిపోదు. కాపీరైట్ గడువు ఎప్పుడో ముగిసిన పాత బొమ్మకు ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, అయినా ఎక్కడిదో చెప్పాలి. డబ్బు కట్టి లైసెన్స్ తీసుకున్న బొమ్మకు కూడా సోర్స్ రాయకుండా వదిలేస్తే తప్పే.

థీసిస్ దశలో ఇదేదీ అడ్డు రాలేదంటే దానికి కారణం ఉంది. పెద్ద జర్నల్ పబ్లిషర్లు చాలామంది థీసిస్‌లో వాడుకోవడానికి ఫీజు లేకుండానే ఒప్పుకుంటారు. పైగా చదువు కోసం, పరీక్ష కోసం చేసే వాడకాన్ని చట్టాలు కూడా కాస్త మెత్తగా చూస్తాయి. అమెరికా చట్టంలో 107వ సెక్షన్ ఫెయిర్ యూజ్‌కి, అంటే పర్మిషన్ లేకుండా చేసుకోగల న్యాయమైన వాడకానికి, నాలుగు అంశాలు చూడమంటుంది: ఎందుకు వాడారు, మూల రచన ఎలాంటిది, అందులో ఎంత తీసుకున్నారు, దాని మార్కెట్ మీద ప్రభావం ఏమిటి. భారత కాపీరైట్ చట్టం, 1957లో 52వ సెక్షన్ పరిశోధన, విమర్శ, సమీక్షల కోసం ఫెయిర్ డీలింగ్‌ని ఒప్పుకుంటుంది. అంతర్జాతీయంగా చూస్తే బెర్న్ ఒప్పందంలోని 10వ అధికరణం, మూలం పేరు చెప్పాలన్న షరతుతో, ఉటంకింపుకి చోటిస్తుంది. "పది శాతం లోపు అయితే ఫర్వాలేదు" అని పరిశోధకుల మధ్య తిరిగే మాట ఈ మూడింటిలో ఎక్కడా లేదు. ఉన్నా బొమ్మకి పనికిరాదు, ఎందుకంటే ఒక బొమ్మను తీసుకున్నామంటే సాధారణంగా మొత్తం తీసుకున్నట్టే. ఇక అమ్మకానికి వచ్చే పుస్తకం దగ్గరికి వచ్చేసరికి పబ్లిషర్లు ఫెయిర్ యూజ్ వాదన మీద ఆధారపడటానికి ఇష్టపడరు. కాగితం అడుగుతారు.

మొదట చేసిన పని జాబితా. రాతప్రతిలో ఉన్న ప్రతి బొమ్మ, టేబుల్, ప్రశ్నావళికి ఒక వరుస. ఎవరు తయారుచేశారు, మనం ఎక్కడినుంచి తీసుకున్నాం, మొట్టమొదట ఎక్కడ వచ్చింది, ఇప్పుడు హక్కు ఎవరిది, మనం ఏమైనా మార్చామా, ఏ లైసెన్స్ కింద ఉంది, ఏం చేయబోతున్నాం. ఇందులో రెండో గడి, మూడో గడి వేర్వేరుగా ఉండటం ముఖ్యం. చాలామంది జాబితాలో ఆ రెండూ ఒకటే గడిగా ఉంటాయి. ఈ కేసులో సగం తలనొప్పి ఆ రెండు గడుల మధ్య తేడాలోంచే పుట్టింది. చివర నేను మరో గడి కూడా పెడతాను: ఈ బొమ్మ లేకపోతే అధ్యాయానికి నష్టమేమిటి? రచయితలకు నచ్చని గడి ఇదే. ఎక్కువ పని తగ్గించేదీ ఇదే.

చేతులు మారిన బొమ్మ

అల్జీమర్స్ మీద రాసేవాళ్లకి ఒక బొమ్మ బాగా తెలుసు. అడ్డంగా జబ్బు దశలు, నిలువుగా అసాధారణత స్థాయి, మధ్యలో ఎస్ ఆకారంలో ఒకదాని వెనక ఒకటి పైకి లేచే రంగుల గీతలు. మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముందు పేరుకుంటుంది, తర్వాత టావ్ ప్రొటీన్ వల్ల జరిగే నష్టం, ఆ తర్వాత మెదడు నిర్మాణంలో మార్పు, చివరికి జ్ఞాపకశక్తి, రోజువారీ పనులు దెబ్బతినడం. క్లిఫర్డ్ జాక్ బృందం 2010లో లాన్సెట్ న్యూరాలజీలో ప్రచురించిన ఊహాత్మక నమూనా ఇది. ఎన్నో సమీక్షా వ్యాసాల్లో, స్లైడ్లలో ఈ బొమ్మ తిరుగుతూ ఉంటుంది.

మా రచయిత్రి దీన్ని మూల వ్యాసంలోంచి తీసుకోలేదు. ఒక సమీక్షా వ్యాసంలోంచి తీసుకున్నారు. క్యాప్షన్‌లో ఆ సమీక్షనే సోర్స్‌గా చూపించారు. "అది ఓపెన్ యాక్సెస్ అండీ, సీసీ బై లైసెన్స్. ఎవరైనా వాడుకోవచ్చు కదా" అన్నారు. సీసీ బై అంటే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఒకటి, దాని గురించి ఆమె చెప్పింది సరైనదే. పేరు చెప్పి, లైసెన్స్ చూపించి, మార్పులు చేస్తే చేశామని తెలిపితే చాలు, అమ్మే పుస్తకంలో కూడా వాడుకోవచ్చు. కానీ ఆ వ్యాసం పీడీఎఫ్ తెరిచి బొమ్మ కింది క్యాప్షన్ చివరిదాకా చదివితే, చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ఎల్సెవియర్ అనుమతితో పునర్ముద్రితం.

లాన్సెట్ న్యూరాలజీ పబ్లిషర్ ఎల్సెవియరే. ఆ వాక్యంతో లెక్క మారిపోయింది. సమీక్ష రాసినవాళ్లు ఆ బొమ్మను తమ వ్యాసంలో వాడుకోవడానికి పర్మిషన్ తీసుకున్నారు. ఆ పర్మిషన్ వాళ్లది. దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కు వాళ్లకు రాదు. ఓపెన్ యాక్సెస్ వ్యాసాల చివర లైసెన్స్ పేరాలో ఈ మాట తరచుగా రాసే ఉంటుంది: బొమ్మ పక్కన వేరే క్రెడిట్ లైన్ ఉంటే తప్ప వ్యాసంలోని సామగ్రి అంతా ఈ లైసెన్స్ కిందికి వస్తుంది. ఆ "తప్ప" దగ్గర ఆగేవాళ్లు తక్కువ. సమీక్ష పబ్లిషర్‌ని అడిగినా లాభం లేదు, తనది కాని దాన్ని ఇవ్వలేడు. మూలానికి వెళ్లాల్సిందే.

మూలానికి వెళ్లాక ఇంకో సంగతి బయటపడింది. ఇది నిజానికి కాపీరైట్ సంగతి కూడా కాదు. అదే బృందం 2013లో అదే జర్నల్‌లో ఆ నమూనాను సవరించి మళ్లీ ప్రచురించింది. అడ్డగీత మీద జబ్బు దశల బదులు కాలం వచ్చింది. జ్ఞాపకశక్తి దెబ్బతినడాన్ని చూపే ఒక్క గీత స్థానంలో ఒక వెడల్పాటి పట్టీ వచ్చింది. ఎందుకంటే ప్రమాదం ఎక్కువున్న మనిషికీ తక్కువున్న మనిషికీ మెదడులో మార్పులు ఒకేలా ఉన్నా లక్షణాలు ఒకేసారి బయటపడవు. మా రచయిత్రి మూడో అధ్యాయంలో మూడు పేజీలు వాదిస్తున్నది సరిగ్గా ఈ విషయమే: చదువు, జీవనశైలి లాంటివి లక్షణాలను ఎంత వెనక్కి నెట్టగలవు అన్నది. వాదన 2013 నమూనాది, పక్కన బొమ్మ 2010ది. పర్మిషన్ కోసం వెతక్కపోతే ఈ పొరపాటు పుస్తకంలో అచ్చయి ఉండేది. మూలం దాకా వెళ్లమని నేను పట్టుబట్టేది చట్టానికి భయపడి మాత్రమే కాదు.

ఇక ఏం చేయాలి? "నేనే కొత్తగా గీసేస్తా" అన్నారు. అందరికీ మొదట తోచేది ఇదే. బొమ్మ వెనక అంకెలు ఉంటే నేనూ సరే అంటాను. అంకెల మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు, వాటితో మన గ్రాఫ్ మనం గీసుకోవచ్చు. కానీ ఇక్కడ అంకెలు లేవు. నమూనా ఊహాత్మకమని శీర్షికలోనే ఉంది. ఆ గీతల వంపులు, వాటి మధ్య దూరాలు, రంగుల అమరిక అన్నీ ఆ రచయితలు గీసినవే. వాటిని చూస్తూ పవర్‌పాయింట్‌లో మళ్లీ గీస్తే రంగులు మారతాయి, బొమ్మ అదే. "ఆధారంగా రూపొందించినది" అని కింద రాసుకున్నంత మాత్రాన పర్మిషన్ అవసరం పోదు. మార్చి వాడుకోవడం కూడా హక్కుదారు ఇవ్వాల్సిన అనుమతుల్లో ఒకటి. ఫలానా మార్పు ముందు, ఫలానాది తర్వాత అన్న ఆలోచన మాత్రం స్వేచ్ఛగా వాడుకోవచ్చు, కాపీరైట్ ఆలోచనను పట్టుకోదు.

అందుకే జాబితాలోని చివరి గడి దగ్గరికి వచ్చాం. ఈ బొమ్మ రాతప్రతిలో రెండు చోట్ల ఉంది. పరిచయంలో అది చేస్తున్న పని ఒక్కటే, లక్షణాలు కనిపించడానికి చాలా ఏళ్ల ముందే మెదడులో మార్పులు మొదలవుతాయని చెప్పడం. దానికి రెండు వాక్యాలు, ఒక రిఫరెన్స్ సరిపోతాయి. అక్కడ తీసేశాం. మూడో అధ్యాయంలో ఆమె ఆ పట్టీ వెడల్పు గురించే మాట్లాడుతున్నారు, కాబట్టి బొమ్మ ఉండాల్సిందే. 2013 బొమ్మకు లైసెన్స్ తీసుకున్నాం.

తీసుకోవడం కష్టమేమీ కాదు. జర్నల్ సైట్‌లో వ్యాసం పేజీ మీద పర్మిషన్ కోరే లింక్ ఉంటుంది. అది కాపీరైట్ క్లియరెన్స్ సెంటర్ నడిపే రైట్స్‌లింక్‌కి తీసుకెళ్తుంది. ఎందులో వాడతారు, ఎన్ని బొమ్మలు, అచ్చులోనా, ఈ-బుక్‌లోనా, రెండింటిలోనా, అనువాదం ఉందా, మీరే ఆ వ్యాసం రచయితా, మీ పుస్తకం పేరేమిటి, ఎప్పుడు వస్తుంది అని అడుగుతుంది. "థీసిస్" అని టిక్ పెడితే ఒక జవాబు, "పుస్తకం" అంటే ఇంకో జవాబు. థీసిస్‌కి తీసుకున్న లైసెన్స్ ఉంది కదా అని పుస్తకానికి దాన్నే చూపిస్తే చెల్లదు. మాకు కలిసొచ్చిన విషయం ఒకటి ఉంది. సైన్స్, వైద్య పబ్లిషర్లు చాలామంది, వాళ్ల అంతర్జాతీయ సంఘం ఎస్‌టీఎమ్ తెచ్చిన అనుమతి మార్గదర్శకాల మీద సంతకం చేశారు. దాని ప్రకారం ఒకరి వ్యాసంలోంచి మూడు బొమ్మలు లేదా టేబుళ్ల దాకా మరొకరు ఫీజు లేకుండా వాడుకోవచ్చు. ఎల్సెవియర్ ఆ జాబితాలో ఉంది, ఆమె పబ్లిషర్ కూడా ఉన్నారు. ఫీజు లేదంటే ఏమీ చేయక్కర్లేదని కాదు, అడిగే పద్ధతి ఒక్కో పబ్లిషర్‌ది ఒక్కోలా ఉంటుంది. నేను మాత్రం ఫీజు సున్నా అయినా లైసెన్స్ పీడీఎఫ్ తీసి దాస్తాను.

టేబుళ్లు

టేబుల్ విషయంలో రెండు అతివాదాలు వింటుంటాను. ఒకరు టేబుల్ అంటే ఉత్త అంకెలే, పర్మిషన్ అక్కర్లేదంటారు. ఇంకొకరు ఏ టేబుల్ ముట్టుకున్నా పర్మిషన్ కావాలంటారు. అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో చెప్పింది దీనికి మంచి కొలత. టెలిఫోన్ డైరెక్టరీలోని పేర్లు, నంబర్లను కాపీ చేశారని కేసు. వాస్తవాలకు కాపీరైట్ లేదు, అక్షరక్రమంలో పేర్చడంలో సృజన ఏమీ లేదు, కాబట్టి ఉల్లంఘన కాదని కోర్టు తేల్చింది. అయితే వాస్తవాల ఎంపికలో, అమరికలో సొంత ఆలోచన ఉంటే దానికి రక్షణ ఉంటుందని కూడా అదే తీర్పు చెబుతుంది. యూరప్‌లో దీనికి తోడు, డేటాబేస్ కూర్చడానికి పెట్టిన పెట్టుబడిని కాపాడే హక్కును 1996 డేటాబేస్ ఆదేశం అదనంగా ఇస్తుంది.

మా రాతప్రతిలో ఒక పెద్ద టేబుల్ ఉంది. వేర్వేరు అధ్యయనాల్లో మతిమరుపు వ్యాధి ఎంత శాతం మందిలో కనిపించిందో వరుసగా చూపించే టేబుల్. ఒక సిస్టమాటిక్ రివ్యూలోంచి తీసుకుని, రెండు గడులు తీసేసి, ఒకటి చేర్చి, కింద "ఆధారంగా" అని రాశారు. ఏ అధ్యయనాలను తీసుకోవాలి, వేటిని వదలాలి, ఏ వరుసలో పెట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఆ రివ్యూ రచయితలవి. అంటే ఆమె తీసుకున్నది అంకెలను మాత్రమే కాదు, ఆ ఎంపికను కూడా. పర్మిషన్ అడగొచ్చు, బహుశా వచ్చేది కూడా. కానీ నేను ఇంకో దారి చూపించాను: మూల అధ్యయనాలు తెరిచి, మీ వాదనకు పనికొచ్చేవాటిని మీరే ఎంచుకుని, మీ గడులతో మీ టేబుల్ కట్టండి.

గొణుక్కుంటూనే చేశారు. చేస్తుంటే తెలిసిందేమిటంటే, కొన్ని అధ్యయనాలు 60 ఏళ్లు దాటినవాళ్లను లెక్కపెడితే, కొన్ని 65 దాటినవాళ్లను లెక్కపెట్టాయి. రివ్యూలో వయసుకి వేరే గడి ఉండేది. ఆమె తీసేసిన రెండు గడుల్లో అదొకటి. వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు బాగా పెరుగుతుంది కాబట్టి ఆ శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. కొత్త టేబుల్‌లో వయసు గడి మొదటి గడి అయింది. వరుసలు తగ్గాయి. ఇప్పుడు ఆ టేబుల్ కింద పర్మిషన్ లైన్ లేదు. ప్రతి వరుసకీ దాని అధ్యయనం రిఫరెన్స్ ఉంది, టేబుల్ రచయిత్రి కూర్చినదని ఒక మాట ఉంది.

రెండో టేబుల్ ఇంకో రకం. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక వ్యాధుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5లోని ప్రమాణాలను యథాతథంగా టేబుల్‌లో దించారు. ఇక్కడ అంకెల ప్రసక్తే లేదు, ప్రతి పదం వాళ్లు ఆచితూచి రాసుకున్న వాక్యం. గీతలు గీసి గడుల్లో పెట్టినంత మాత్రాన వచనం డేటా అయిపోదు. దీన్ని తీసేసి, ప్రమాణాల సారాన్ని ఆమె సొంత మాటల్లో ఒక పేరాగా రాయించాం, రిఫరెన్స్‌తో. వైద్యులకు మూల పుస్తకం చేతిలోనే ఉంటుంది, మిగతా పాఠకులకు ఆ పేరానే ఎక్కువ అర్థమవుతుంది.

గడియారం బొమ్మలు

నాకు ఎక్కువ నిద్ర పట్టనివ్వనివి, జాబితాలో "సొంతం" అని ఆమె టిక్ పెట్టినవి. మతిమరుపు పరీక్షల్లో ఒకటి గడియారం గీయడం. కాగితం ఇచ్చి గుండ్రంగా గీయమంటారు, అంకెలు వేయమంటారు, 11 గంటల 10 నిమిషాలకు ముళ్లు పెట్టమంటారు. ఆమె అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు గీసిన గడియారాల స్కాన్‌లు ఒక పేజీ నిండా ఉన్నాయి. ఒకదాంట్లో పన్నెండు అంకెలూ కుడి సగంలోనే ఇరుక్కుని ఉన్నాయి, ఎడమవైపు ఖాళీ. ఇంకొకదాంట్లో ముళ్ల బదులు "పది" అని అక్షరాల్లో రాసి ఉంది. పుస్తకం మొత్తంలో మనసుకి పట్టే పేజీ అదే.

పెద్దదిగా చేసి చూస్తే ఒక కాగితం అడుగున, వణికిన చేతిరాతలో, గీసిన మనిషి సంతకం ఉంది. జీవితమంతా కాగితాల మీద సంతకాలు పెట్టిన అలవాటు కాబోలు. స్కాన్ చేసినవాళ్లు గమనించలేదు, థీసిస్‌లో అలాగే వెళ్లిపోయింది.

ఆ బొమ్మలు గీసింది పరిశోధకురాలు కాదు, పాల్గొన్నవాళ్లు. ఒక పరీక్షలో గీసిన గడియారానికి కాపీరైట్ ఉంటుందా అని వాదించుకోవచ్చు. అంతకంటే ముందు ప్రశ్న సమ్మతిది. ఇక్కడ కాపీరైట్ పర్మిషన్, పాల్గొన్నవాళ్ల సమ్మతి మళ్లీ రెండు వేర్వేరు విషయాలు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడానికి లేదు. ఆమె దగ్గరున్న సమ్మతి పత్రాల్లో "పరిశోధన కోసం" అని ఉంది. అమ్మే పుస్తకంలో ప్రచురణ గురించి ఒక్క మాట లేదు. జ్ఞాపకశక్తి తగ్గుతున్న మనిషి ఇప్పుడు సంతకం పెడితే అది నిజంగా తెలిసి పెట్టిందేనా అన్నది ఇంకో చిక్కు.

ఆమె ఎథిక్స్ కమిటీకి మళ్లీ రాశారు. కమిటీ చెప్పిన పద్ధతిలో, సమ్మతి ఇవ్వగలిగినవాళ్ల నుంచి నేరుగా, మిగతా వాళ్ల విషయంలో బాధ్యత చూసుకుంటున్న కుటుంబసభ్యుల నుంచి, ప్రచురణ కోసం ప్రత్యేకంగా కొత్త పత్రాలు తీసుకున్నారు. ఒక కుటుంబం వద్దంది. కారణం అడగలేదు, అడగకూడదు కూడా. ఆ గడియారం తీసేశారు. సంతకం ఉన్న కాగితాన్ని కుటుంబం ఒప్పుకున్నా, సంతకం కనపడకుండా స్కాన్‌ని కత్తిరించి వేశారు. ఈ ఒక్క పేజీకి పట్టిన సమయం మిగతా పర్మిషన్లన్నిటికీ కలిపి పట్టలేదు.

మిగతావి

కొన్ని తొందరగా తేలిపోయాయి. మెదడు నిర్మాణం చూపే బొమ్మ గ్రేస్ అనాటమీ అనే శరీర నిర్మాణ పుస్తకం 1918 ముద్రణలోది, కాపీరైట్ గడువు ముగిసి పబ్లిక్ డొమైన్‌లో ఉంది. సోర్స్ లైన్‌లో ఆ సంవత్సరం ఉండాలి, ఎందుకంటే అదే పుస్తకం ఇప్పటి ముద్రణలకు కాపీరైట్ ఉంది. జబ్బుకి పేరు వచ్చిన వైద్యుడు అల్జీమర్ దాన్ని మొదట గుర్తించిన రోగి ఆగస్టే డేటర్ ఫోటో 1902 నాటిది. రచయిత్రి దాన్ని ఒక ఫోటో ఏజెన్సీ సైట్‌లోంచి తీసుకున్నారు, ఏజెన్సీ వాటర్‌మార్క్‌తో సహా. పబ్లిక్ డొమైన్‌లో ఉన్న దృశ్య కృతిని ఉన్నదున్నట్టు కాపీ చేసినందుకు కొత్త హక్కు పుట్టదని యూరప్ 2019 కాపీరైట్ ఆదేశంలోని 14వ అధికరణం చెబుతుంది, కానీ ఏజెన్సీ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఒప్పుకున్న షరతులు వేరే సంగతి. దాని బదులు, స్వేచ్ఛగా వాడుకోగల బొమ్మల సైట్ వికీమీడియా కామన్స్‌లోని కాపీ పెట్టాం. అన్నట్టు, ఆ ముఖం చూసినప్పుడల్లా ఆవిడని సమ్మతి అడిగినవాళ్లు ఎవరూ లేరని గుర్తొస్తుంది.

అధ్యయన ప్రాంతం మ్యాప్ ఒక ఆన్‌లైన్ మ్యాప్ స్క్రీన్‌షాట్. తీసేసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో కొత్తది గీయించాం. దాని డేటా లైసెన్స్ వాడుకోనిస్తుంది, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ కంట్రిబ్యూటర్ల పేరు చూపిస్తే చాలు. అధ్యయనాలను ఎలా వడపోశారో చూపే ప్రిస్మా 2020 ఫ్లో డయాగ్రామ్ సీసీ బై కింద ఉంది, ఆమె అంకెలు నింపారని, టెంప్లేట్ ఎవరిదో చెప్పాం. "సోర్స్: గూగుల్ ఇమేజెస్" అని రాసున్న న్యూరాన్ ఫోటో వెనక్కి వెతికితే కామన్స్‌లో సీసీ బై-ఎస్ఏ కింద దొరికింది. గూగుల్ వెతికిపెట్టేది మాత్రమే, దేనికీ సోర్స్ కాదు. ఆమె దాని మీద బాణాలు, పేర్లు పెట్టారు కాబట్టి ఆ మార్చిన బొమ్మను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. పబ్లిషర్ ఒప్పుకోలేదు. బాణాలు తీసేసి, ఫోటోను యథాతథంగా పెట్టి, పేర్లు క్యాప్షన్‌లోకి మార్చాం. లైసెన్స్ చివర ఎన్‌సీ (వాణిజ్యానికి కాదు) ఉంటే అమ్మే పుస్తకంలో చిక్కు, ఎన్‌డీ (మార్పులు వద్దు) ఉంటే లేబుళ్లు అనువదించడం కూడా కుదరదు. సీసీ అని చూసి సంతోషపడే ముందు తర్వాతి అక్షరాలు చదవాలి.

అనుబంధంలో జ్ఞాపకశక్తి, ఆలోచనా సామర్థ్యాలను కొలిచే ఎమ్ఎమ్ఎస్ఈ ప్రశ్నావళి మొత్తం అచ్చు వేశారు, తాను చేసిన అనువాదంతో సహా. 1975లో వచ్చిన ఈ పరీక్షను చాలాకాలం అందరూ స్వేచ్ఛగా వాడారు. 2001 నుంచి దాని లైసెన్స్ హక్కులు ఒక పరీక్షల ప్రచురణ సంస్థ దగ్గర ఉన్నాయి. పరీక్ష వాడుకోవడానికి పర్మిషన్ ఉన్నంత మాత్రాన ప్రశ్నలన్నీ అచ్చు వేసే పర్మిషన్ ఉన్నట్టు కాదు, అనువాదానికి ఇంకోటి. అనుబంధం మొత్తం తీసేసి, పరీక్ష పేరు, స్కోర్ల పరిధి, రిఫరెన్స్ ఉంచాం. డిప్రెషన్‌కి వాడిన పీహెచ్‌క్యూ-9ని మాత్రం అలాగే వదిలేశాం. దాన్ని అచ్చు వేయడానికీ, అనువదించడానికీ పర్మిషన్ అక్కర్లేదని ఫైజర్ ఆ ఫారం మీదే రాసింది.

ఆమెకు అన్నిటికంటే ఒళ్లు మండింది తన సొంత వ్యాసంలోని బొమ్మ దగ్గర. "నా డేటా, నేను గీసిన గ్రాఫ్, దానికి నేను పర్మిషన్ అడగాలా?" వ్యాసం ఒప్పుకున్నప్పుడు కాపీరైట్ జర్నల్‌కి రాసిచ్చేశారు కాబట్టి, అడగాలి. ఆ పత్రం తీసి చదివితే, రచయిత తన తర్వాతి పుస్తకంలో వాడుకోవచ్చని అందులోనే ఉంది, మొదట వచ్చిన చోటు చెప్పాలన్న షరతుతో. ఆ పత్రమే పర్మిషన్ ఫైల్లోకి వెళ్లింది.

ఒకే ఒక్క బొమ్మ చివరిదాకా ఏడిపించింది. ఒక చిన్న వృత్తి సంఘం జర్నల్‌లో వచ్చిన, సంరక్షకుల భారాన్ని చూపే ఫ్లోచార్ట్. మూల రచయితకు రాస్తే అదే రోజు "సంతోషంగా వాడుకోండి" అని జవాబిచ్చారు. ఆమె సంబరపడ్డారు, నేను పడలేదు. జర్నల్ మొదటి పేజీలో కాపీరైట్ సంఘానిదని ఉంది, రచయిత మంచి మనసుతో ఇచ్చినది తన దగ్గర లేనిది. సంఘం ఆఫీసుకి రాసిన ఉత్తరం ఇలా ఉంది:

"మీ జర్నల్ ఫలానా సంపుటిలో వచ్చిన ఫలానా వ్యాసంలోని ఫిగర్ 2ను నా పుస్తకం నాలుగో అధ్యాయంలో, మార్పులు లేకుండా, నలుపు తెలుపుల్లో వాడుకోవాలనుకుంటున్నాను. బొమ్మ కాపీ, అది వచ్చే పేజీ నమూనా జతచేశాను. అచ్చు, ఈ-బుక్ రెండింటికీ, అన్ని దేశాలకూ అనుమతి కోరుతున్నాను. క్రెడిట్ ఏ మాటల్లో ఉండాలో చెప్పండి. హక్కులు మీవి కాకపోతే ఎవరిని అడగాలో తెలియజేయగలరు."

చివరి వాక్యం మర్చిపోకూడదు, చాలా జవాబులు దానికే వస్తాయి. చాలాకాలం ఏ జవాబూ రాలేదు. గుర్తుచేశాం, మళ్లీ గుర్తుచేశాం. "ఇన్నాళ్లు ఏమీ అనలేదంటే ఒప్పుకున్నట్టే కదా" అని ఆమె అడిగారు. కాదు. ఫ్లోచార్ట్ లేకుండా అధ్యాయం చదవగలిగేలా ఒక ప్రత్యామ్నాయ పేరా రాయించి పక్కన పెట్టాను. పేజీలు అచ్చుకు వెళ్లబోతుండగా అనుమతి వచ్చింది, రెండు షరతులతో: ఈ ఒక్క ముద్రణకు, ఇంగ్లిష్ భాషకు మాత్రమే.

క్యాప్షన్లు చివర రాశాం, లైసెన్స్‌లన్నీ చేతికొచ్చాక. హక్కుదారు క్రెడిట్ మాటలు ఇస్తే అవే మాటలు, పుస్తకం స్టైల్‌కి సరిపోకపోయినా సరే. ఒక నమూనా: "ఫిగర్ 3.1. అల్జీమర్స్ బయోమార్కర్ల సవరించిన ఊహాత్మక నమూనా. లాన్సెట్ న్యూరాలజీ, సంపుటి 12, జాక్ తదితరులు, పుటలు 207–216, కాపీరైట్ 2013, ఎల్సెవియర్ అనుమతితో పునర్ముద్రితం." దీనితో పాటు రిఫరెన్స్ జాబితాలోనూ ఆ వ్యాసం ఉంటుంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఏపీఏ స్టైల్ కూడా రెండూ కావాలంటుంది.

పబ్లిషర్‌కి వెళ్లిన ఫైల్లో ప్రతి పత్రం పేరూ బొమ్మ నంబర్‌తో మొదలవుతుంది, జాబితా అన్నిటికంటే పైన. పుస్తకం వచ్చింది. ఇప్పుడు ఆమె దాన్ని మరో భాషలోకి తేవాలనుకుంటున్నారు. రాతప్రతి నా దగ్గరికి రాకముందే జాబితా తెరిచి, నాలుగో అధ్యాయం ఫ్లోచార్ట్ వరుసలో "మళ్లీ అడగాలి" అని ఆమే రాసి పంపారు. సంఘానికి ఉత్తరం ఈ వారం వెళ్లింది.